సూపర్‌ఛార్జరు ఏం పాపం చేసింది?

పోయిన నెల మా పాత టీములో పనిచేసిన తమ్ముడొకడు ఇంగ్లండు నుంచి మెసేజీ పెట్టాడు. “అన్నా, సెకండు హ్యాండు నిస్సాన్ మైక్రా ఒకటి చూశాను. 2013 మోడలు, 1.2 డిగ్-ఎస్. మూడు సిలిండర్లేనంట, కానీ సూపర్‌ఛార్జరు ఉందంట. రేటు అందుబాటులోనే ఉంది. తీసుకోవచ్చా?”

వాడు అక్కడికి వెళ్ళి ఇంకా ఏడాది కాలేదు. ఇంటద్దె, పాప నర్సరీ ఫీజు పోను చేతిలో మిగిలింది మూడు వేల పౌండ్లు. బండి లేకపోతే పొద్దున్నే రెండు బస్సులు మారాలి. బండి కొన్న ఆర్నెల్లకి ఇంజను చేతులెత్తేస్తే ఇంకో మూడు వేలు ఎక్కణ్ణుంచీ రావు. కాబట్టి ఇది సరదాకి అడిగిన ప్రశ్న కాదు.

నేను జవాబు రాసేలోపే వాడు ఇదే ప్రశ్న మా పాత టీము గుంపులో కూడా పడేశాడు. ఇంకేముంది, పది నిముషాల్లో పద్నాలుగు తీర్పులొచ్చాయి. “మూడు సిలిండర్లా? వద్దు బాబోయ్.” “సూపర్‌ఛార్జరంటే పాడవడానికి ఇంకో వస్తువు ఎక్కువన్నమాట.” “చిన్న ఇంజన్ని చెరుకుగడలా పిండితే ఎన్నాళ్ళుంటుంది?” “హాయిగా టయోటా కొనుక్కో.” ఈ పద్నాలుగు మందిలో ఆ ఇంజన్ని కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడని పందెం కాస్తాను. చూసే అవకాశమే లేదు, ఆ ఇంజను మన దేశంలో అమ్మనేలేదు.

తెలియకపోవడం తప్పని నేననను. నా కోపమల్లా వేరే. వీళ్ళంతా పగలు సాఫ్టువేరు చేసేవాళ్ళు. ప్రొడక్షనులో సర్వరు పడిపోతే నలభై పేజీల కారణాల నివేదిక రాసేవాళ్ళు. ఒక జూనియరు కుర్రాడు వచ్చి “సార్, ఇందులో మాడ్యూళ్ళు ఎక్కువున్నాయి, అందుకే పడిపోయింది” అంటే వీళ్ళు ఊరుకుంటారా? లాగు ఏది, ఏ కాల్ దగ్గర ఆగింది, మెమరీ ఎంతుంది అని వాణ్ణి ఏడిపించి వదుల్తారు. అదే మనుషులు సాయంత్రం కారు గురించి మాట్లాడేటప్పుడు మాత్రం భాగాలు లెక్కపెట్టి జాతకం చెప్పేస్తారు. సిలిండర్లు మూడా, శని. సూపర్‌ఛార్జరా, రాహువు.

ముందు ఆ మూడో నంబరు సంగతి చూద్దాం. ఆ గుంపులో సగం మంది చిన్నప్పుడు ఎక్కిన మొదటి కారు మారుతీ 800. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన ఆ బండిలో ఉన్నది 796 సీసీ ఇంజను, సిలిండర్లు మూడే. ఇంటిల్లిపాదీ ఎక్కి, పైన లగేజీ కట్టి, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాటు ఎక్కించిన బండి అది. దాన్ని ఎవరైనా “మూడు సిలిండర్లు కదండీ, నమ్మకం లేదు” అన్నారా? మెకానిక్కు షెడ్డులో రెండు స్పానర్లతో బాగయ్యే బండి అని పొగిడారు. ఇంకో తమాషా ఏంటంటే, “హాయిగా టయోటా కొనుక్కో” అన్న మహానుభావుడి సలహా పాటిస్తే, మూడు వేల పౌండ్లకి ఆ ఊళ్ళో ఎక్కువగా దొరికే టయోటా అయ్గో. అందులో ఉన్నదీ 998 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే! అది గట్టిదని మంచి పేరు కూడా ఉంది. సలహా మంచిదే, దానికి చెప్పిన కారణమే తప్పు :)

మూడు సిలిండర్లకి నిజంగా ఉన్న చిక్కు ఒకటుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్లో క్రాంకు 180 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక పేలుడు జరుగుతుంది, మూడింట్లో 240 డిగ్రీలకి ఒకటి. పిస్టన్లు పైకీ కిందకీ పోయే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి గానీ, ఇంజను ఈ కొస నుంచి ఆ కొసకి తక్కెడలా ఊగుతుంది. దాన్ని అణచడానికి కొందరు బాలెన్సరు షాఫ్టు పెడతారు, ఇంకొందరు పుల్లీలోనూ ఫ్లైవీల్లోనూ బరువుని కొంచెం పక్కకి వేసి సర్దుతారు. దీనివల్ల సిగ్నలు దగ్గర ఆగినప్పుడు స్టీరింగు మీద చిన్న గుడగుడ తెలుస్తుంది. ఇంజను మౌంటు రబ్బర్లు కాస్త త్వరగా అరగొచ్చు. అంతే. ఊగడం వేరు, చావడం వేరు. ఫ్యాను చప్పుడు చేస్తోందని సర్వరు పనికిరాదంటామా?

ఇక అసలు ముద్దాయి, సూపర్‌ఛార్జరు.

ఇది టర్బోకి అన్నో తమ్ముడో అనుకుని రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. పని ఒకటే, ఇంజను తనంతట తాను పీల్చుకోగలిగినదానికంటే ఎక్కువ గాలిని లోపలికి తొయ్యడం. బతుకులు మాత్రం వేరు. టర్బో ఇంజను వదిలే పొగ దారిలో కూర్చుంటుంది. పెట్రోలు ఇంజన్లో ఆ పొగ 900 డిగ్రీల దాకా కాగుతుంది. చిన్న టర్బో అయితే నిముషానికి రెండు లక్షల చుట్లు దాటి కూడా తిరుగుతుంది. దాని బేరింగులు బతికేది ఇంజన్ ఆయిలు దయ మీదే. సూపర్‌ఛార్జరు పొగ మొహం చూడదు. క్రాంకు నుంచి వచ్చే బెల్టుతో తిరుగుతుంది, పదీ ఇరవై వేల చుట్ల లెక్కలో. ఈ డిగ్-ఎస్‌లో ఉన్నది రూట్స్ జాతిది. మెలితిప్పిన రెండు రోటర్లు పక్కపక్కన ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతూ గాలిని దోసిళ్ళతో అవతలికి పోస్తాయి. ఆ రోటర్లు ఒకదాన్నొకటి తాకవు, గోడనీ తాకవు. వాటిని వరసలో ఉంచేది చివరనున్న పళ్ళచక్రాలు. ఈ రకంలో మామూలుగా ఆ చక్రాలకి వేరే నూనె ఉంటుంది, ఇంజన్ ఆయిలుతో పొత్తు లేదు. మన భాషలో చెప్పాలంటే, వేరే మెషీన్లో నడిచే సర్వీసు. పక్కవాడి మెమరీ లీకు దీనికి అంటదు.

పైగా ఈ ఇంజన్లో అది రోజంతా తిరగదు కూడా. మధ్యలో విద్యుదయస్కాంత క్లచ్చి ఒకటుంది. ఊళ్ళో నెమ్మదిగా పోతున్నప్పుడు క్లచ్చి వదిలేస్తుంది, గాలి బైపాసు దారిలో పోతుంది, సూపర్‌ఛార్జరు ఊరికే కూర్చుంటుంది. కాలు గట్టిగా తొక్కినప్పుడే పని మొదలు. 

పాడవదా? పాడవుతుంది. బెల్టు అరుగుతుంది, టెన్షనరు వదులవుతుంది, క్లచ్చి కాయిలు పోవచ్చు, బేరింగు కీచుమనొచ్చు. ఆ బేరింగు కీచుమంటున్నా పట్టించుకోకపోతే బిగుసుకుపోయి బెల్టు తెంపే ప్రమాదమూ ఉంది, కాదనను. అయితే ఇవన్నీ చాలామటుకు చెప్పి పాడయ్యే జబ్బులు. వారాల ముందు నుంచే ఏడుస్తాయి. క్లచ్చి పట్టకపోతే ఏమవుతుంది? బండి నీరసపడుతుంది, పైవంతెన ఎక్కేటప్పుడు లారీ వెనకాల పడి పోవాల్సొస్తుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. కానీ ఇంటికైతే చేరుస్తుంది. ఇలా పాడయ్యే గుణం కోసమే కదా మనం డిజైను రివ్యూల్లో గొంతులు చించుకునేది!

సాక్ష్యం కావాలంటే పెద్దబండ్లని చూడండి. ఒకప్పుడు జూబ్లీహిల్స్‌లో మెర్సిడెస్ సి-క్లాసు వెనకాల “కొంప్రెసర్” అన్న అక్షరాలు చూసి నోరెళ్ళబెట్టేవాళ్ళం గుర్తుందా? అదీ సూపర్‌ఛార్జరే. 2002లో మొదలైన వాళ్ళ 1.8 లీటర్ల కొంప్రెసర్ ఇంజనుకి తర్వాత రోజుల్లో చెడ్డపేరు వచ్చింది. దేనివల్ల? టైమింగు చెయిను సాగి, క్యాము చక్రాల పళ్ళు అరిగిపోవడం వల్ల. బోర్డు మీద పేరున్నది సూపర్‌ఛార్జరుది, తప్పు చేసింది ఎవరూ ఫొటో తీసుకోని చెయిను.

ఇదేదో ఒక్క కంపెనీ కథ కాదు. ప్రపంచంలోకెల్లా మంచి ఇంజనుకి ఏటా ఒక అంతర్జాతీయ అవార్డు ఇచ్చేవాళ్ళు. 2009లో, 2010లో వోక్స్‌వాగన్ 1.4 ట్విన్‌ఛార్జరుకి ఇచ్చారు, సూపర్‌ఛార్జరూ టర్బో రెండూ ఉన్న ఇంజను. తర్వాత అందులో ఎక్కువ పవరున్న రకాలు నూనె తాగడమూ, పిస్టన్లు విరగడమూ మొదలెట్టాయి. 2012, 2013, 2014, వరసగా మూడేళ్ళు ఫోర్డు 1.0 ఎకోబూస్టుకి ఇచ్చారు, మూడు సిలిండర్ల టర్బో. అందులో బెల్టుని ఇంజన్ ఆయిల్లో నానబెట్టి తిప్పారు. 2023 డిసెంబరులో అమెరికాలో సుమారు 1,40,000 బండ్లని వెనక్కి పిలిచారు. ఆయిలు పంపుని తిప్పే బెల్టు పళ్ళు ఊడిపోవచ్చు, దాని టెన్షనరు విరగొచ్చు, అప్పుడు ఆయిలు ప్రెషరు పోయి ఇంజను పట్టేస్తుంది అని. ఆ పిలిచిన వాటిలో ఎకోస్పోర్టులున్నాయి, అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్టులు మన చెన్నై పక్కన తయారైనవే. ప్యూజో సిట్రోయెన్ వాళ్ళ 1.2 ప్యూర్‌టెక్, ఇదీ మూడు సిలిండర్లే, 2015 నుంచి 2018 దాకా తన తరగతిలో బహుమతి కొడుతూనే ఉంది. దాని బెల్టు నూనెలో నాని పొట్టు రాలి ఆయిలు జల్లెడకి అడ్డం పడింది. 2024లో కంపెనీ యూరపులో ఆ ఇంజనుకి పదేళ్ళు లేదా 1,75,000 కిలోమీటర్లు అని పూచీ పెంచాల్సొచ్చింది.

చూశారా, మూడు సందర్భాల్లోనూ బోనెట్టు మీద గొప్పగా రాసుకున్న వస్తువు దోషి కాదు. మూడో సిలిండరో నాలుగో సిలిండరో తప్పు చెయ్యలేదు. బెల్టు, పిస్టను, నూనె, ఇవే. (అవార్డొచ్చిన ప్రతిదీ పాడవుతుందని చెప్పట్లేదు. పైన చెప్పిన టయోటా 1.0 కూడా 2007 నుంచి నాలుగేళ్ళు తన తరగతిలో బహుమతి కొట్టింది, ఇవాల్టికీ తిరుగుతోంది.) అవార్డులిచ్చేది బండి కొత్తగా ఉన్నప్పుడు. డెమో రోజు చప్పట్లలాంటివవి. పదేళ్ళ తర్వాత ఆ కోడు మెయింటెయిన్ చేసేవాణ్ణి ఎవడూ స్టేజీ మీదకి పిలవడు.

మరైతే డిగ్-ఎస్‌లో భయపడాల్సిందేమీ లేదా? ఉంది. గుంపులో ఎవడూ దాని పేరెత్తలేదు, అదే నా బాధ.

ఈ ఇంజను పూర్తి వివరం ఇదీ. 1198 సీసీ, 98 హార్సుపవరు, మిల్లర్ సైకిలు, డైరెక్టు ఇంజెక్షను, కంప్రెషను నిష్పత్తి 13:1. సూపర్‌ఛార్జరున్న ఇంజనుకి 13:1 అంటే చదివినవాడికి గుండె ఆగుతుంది. మామూలుగా గాలి తోసే ఇంజన్లలో ఈ అంకె తగ్గిస్తారు, లేకపోతే పెట్రోలు సమయానికి ముందే పేలి ‘నాకింగు’ వస్తుంది. ఇక్కడ కిటుకు మిల్లర్ సైకిల్లో ఉంది. రాల్ఫ్ మిల్లర్ అనే అమెరికను ఇంజనీరు 1950లలో పేటెంటు చేసిన ఆలోచన. గాలి లోపలికొచ్చే వాల్వుని ఆలస్యంగా మూస్తారు. పిస్టను పైకొస్తూ కొంచెం గాలిని వెనక్కి తోసేస్తుంది, కాబట్టి నిజంగా నొక్కేది తక్కువ, పేలాక సాగేది ఎక్కువ. పెట్రోల్లోంచి పిండుకునే పని పెరుగుతుంది. ఇలా పోగొట్టుకున్న గాలిని భర్తీ చెయ్యడానికే సూపర్‌ఛార్జరు. అంటే మన వాళ్ళనుకున్నట్టు రేసు కోసం పెట్టింది కాదు, పొదుపు చేస్తే వచ్చిన లోటు పూడ్చడానికి పెట్టింది. 1993లో మాజ్దా వాళ్ళు పెద్ద వి6 ఇంజన్లో ఇదే పని చేశారు, నిస్సాను దాన్ని చిన్న బండిలోకి దించింది. తెలివైన పనే, ఆ ఇంజనీర్లకి నా దండం.

చిక్కు డైరెక్టు ఇంజెక్షనుతో వస్తుంది. పాత పద్ధతిలో పెట్రోలు వాల్వు వెనకాల చిమ్ముతారు, ఆ పెట్రోలే వాల్వుని కడుగుతుంది. డైరెక్టు ఇంజెక్షన్లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకి పోతుంది. వాల్వు వీపు కడిగే దిక్కుండదు. కింద క్రాంకు గదిలోంచి వచ్చే నూనె ఆవిరి గాలితో కలిసి అదే దారిన పోతూ వేడి వాల్వు మీద పేరుకుని, మాడి, పెంకు కడుతుంది. బజాజ్ చేతక్ కాలం వాళ్ళకి సైలెన్సరు విప్పించి కార్బను కాల్పించడం గుర్తుండే ఉంటుంది. అదే ఇక్కడ ఇంజను నోటి దగ్గర జరుగుతుందన్నమాట. పొద్దున చల్లటి ఇంజను వణుకుతుంది, తొక్కితే తడబడుతుంది. తీయించాలంటే ఇన్‌టేకు మానిఫోల్డు విప్పి, అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టి గోకాలి. సూపర్‌ఛార్జరున్న ఇంజన్లో ఆ దారికి చేరడానికి ఇంకో నాలుగు వస్తువులు విప్పాలి. లేబరు గంట లెక్కన తీసుకునే దేశంలో దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని మించింది చిన్న దూరాల జబ్బు. పాపని నర్సరీలో దింపి, అట్నుంచి స్టేషను, ఇంజను వేడెక్కేలోపే ఆపెయ్యడం. చల్లటి సిలిండరు గోడలకి అంటిన పెట్రోలు కిందకి జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. నూనె పల్చనవుతుంది. ఈ ఇంజనుకి ఉన్నది టైమింగు చెయిను, బెల్టు కాదు, మంచిదే. కానీ చెయిను బతుకంతా నూనె శుభ్రంగా ఉండటం మీదే. “చెయిను కదా, జీవితాంతం వస్తుంది” అని నూనె మార్చడం వాయిదా వేసే యజమాని చేతిలో పడితే అది సాగుతుంది. తమాషా చూడండి, చిన్న కారు కొనేవాడు కొనేదే చిన్న దూరాలకి. ఈ ఇంజనుకి పడనిదీ అదే.

మరి ఎందుకిలా తయారుచేశారు? ఒక్క అంకె కోసం. 95.

కిలోమీటరుకి 95 గ్రాముల కార్బన్ డయాక్సైడు. అదే మైక్రాలో సూపర్‌ఛార్జరు లేని మామూలు 1.2 ఇంజను 115 గ్రాములు వదిలేది. 2011లో డిగ్-ఎస్ వచ్చేటప్పటికి బ్రిటన్లో 100 దాటని బండికి రోడ్డు పన్ను సున్నా. అదే ఏడాది జనవరి నుంచి లండన్ కంజెషన్ ఛార్జీలోనూ 100 గ్రాములు దాటని కొత్త బండ్లకి మినహాయింపు ఇచ్చారు (2013లో ఎత్తేశారు). కాబట్టి ఆ 20 గ్రాములు బంగారం. మిల్లరు, డైరెక్టు ఇంజెక్షను, సూపర్‌ఛార్జరు, సిగ్నలు దగ్గర దానంతటదే ఆగిపోయే ఏర్పాటు, అన్నీ కలిసి కొట్టింది ఆ గీత కిందకే.

ఆ 95 కొలిచిన పరీక్ష ఎలాంటిదో తెలుసా? ఎన్‌ఈడీసీ అంటారు. మొత్తం 1180 సెకన్లు, 11 కిలోమీటర్లు, గంటకి సగటున 34 కిలోమీటర్ల లోపు వేగం, పావు వంతు కాలం ఊరికే నిలబడి ఉండటం. అంత నెమ్మదైన ప్రయాణంలో సూపర్‌ఛార్జరుకి దాదాపు పనే పడదు, క్లచ్చి వదిలేసి ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజనే తిరగదు. మన బెంచ్‌మార్కుల్లో క్యాషు ముందే వేడెక్కించి నంబర్లు చూపించడం లేదూ, అలా. మోసం అననక్కర్లేదు, నిబంధనల ప్రకారమే చేశారు. 2017 నుంచి ఆ పరీక్ష తీసేసి కొత్తది పెట్టారు. మన దగ్గర మాత్రం తక్కువా? నాలుగు మీటర్లు, 1200 సీసీ అని పన్ను గీత గీస్తే 1197, 1198, 1199 సీసీ ఇంజన్లు పుట్టుకొచ్చాయి.

దీంట్లో నష్టపోయేదెవరో చూడండి. ఆ సున్నా పన్ను లాభం మొదటి యజమాని అనుభవించాడు. కంపెనీ తన సగటు తగ్గించుకుంది. కార్బను గోకించే బిల్లు, క్లచ్చి బిల్లు, బెల్టు బిల్లు మాత్రం పన్నెండేళ్ళ తర్వాత మూడో యజమానికి వస్తుంది. ఆ మూడో యజమాని ఎవడు? మా తమ్ముడు. ఆన్‌సైటు వెళ్ళి మొదటి ఏడాది పాత బండి వెతుక్కునే మనబోటి వాళ్ళు. పన్ను లాభమైనా మిగిలిందా అంటే అదీ లేదు. 2025 ఏప్రిలు నుంచి సున్నా పన్ను పోయి అలాంటి బండ్లకి ఏడాదికి 20 పౌండ్లు చేశారు. అదే లెక్కలో 115 గ్రాముల మామూలు మైక్రాకి 35. అంటే ఇంత యంత్రాంగమూ మొయ్యడానికి ఇప్పుడు మిగిలిన పన్ను లాభం ఏడాదికి పదిహేను పౌండ్లు!

ఇంకో సంగతి, నా లెక్కలో ఇదే అన్నిటికన్నా పెద్దది. ఈ ఇంజను అనాథ. యూరపులో 2017లో కొత్త మైక్రా వచ్చేసరికి నిస్సాను సూపర్‌ఛార్జర్ని వదిలేసి రెనో వాళ్ళ 0.9 లీటర్ల టర్బో పెట్టింది. జపానులో నోట్ అనే కార్లో 2020 దాకా నడిచింది, ఆ తర్వాతి నోట్‌లో ఉన్నది హైబ్రిడ్డే. వారసుడు లేడు. ఆఖరి రిలీజు అయిపోయి, టీము చెదిరిపోయిన లైబ్రరీని ప్రొడక్షన్లో పెట్టుకోవడం లాంటిది. కోడు మంచిదే కావచ్చు. రేపొక చోట ఇరుక్కుంటే ఆ క్లచ్చి ఏ అల్మరాలో దొరుకుతుంది, దాన్ని ఇదివరకు విప్పిన మెకానిక్కు ఆ ఊళ్ళో ఉన్నాడా? మారుతీ 800 గట్టిదని పేరు తెచ్చుకుంది దాని ఇనుము గొప్పదై మాత్రమే కాదు. చిన్న టౌన్లలో కూడా దాని స్పేరు పార్టులు దొరికేవి, రెంచీ పట్టుకున్న ప్రతివాడూ దాన్ని విప్పి బిగించినవాడే.

అన్నట్టు ఆ మైక్రా పుట్టిందెక్కడో చెప్పలేదు కదూ. అంతకుముందు తరం మైక్రా ఇంగ్లండులోని సండర్లాండులో తయారయ్యేది. 2010లో యూరపు మైక్రాని కూడా చెన్నై దగ్గర ఒరగడానికి మార్చారు. అక్కణ్ణుంచే ఓడెక్కి పోయింది. మనకి మాత్రం మామూలు 1.2 పెట్రోలు, 1.5 డీజిలు ఇచ్చారు. డిగ్-ఎస్ మనకి రానందుకు అప్పట్లో తెగ బాధపడ్డాను నేను. ఇప్పుడాలోచిస్తే మనకి దక్కిందే పాతబడ్డాక తేలిగ్గా పోషించుకునే బండి అనిపిస్తోంది.

సరే, ఇంతకీ తమ్ముడికి ఏం చెప్పానంటే. ఫోన్ చేశాను. ముందు గుంపు చూడటం మానెయ్యమన్నాను. అదే ఏడాది మామూలు 1.2 మైక్రా అదే రేటుకి, మంచి స్థితిలో దొరికితే కళ్ళు మూసుకుని అదే తీసుకోమన్నాను. దానికి మూడు సిలిండర్లే, కానీ పెట్రోలు వాల్వు వెనకాలే పడుతుంది, విప్పేటప్పుడు అడ్డమొచ్చే సామాను తక్కువ.

“అంటే అన్నా, నువ్వు కూడా వద్దనే అంటున్నావుగా? మరి వాళ్ళని తిడతావేంటి?” అన్నాడు. 

వాడి ప్రశ్న న్యాయమైందే. అయితే నేను వద్దనలేదు. ఈ డిగ్-ఎస్ ఓనరు ఏటా నూనె మార్పించిన రసీదులు వరసగా చూపిస్తే, బండి ఎక్కువగా మోటారువే మీద పెద్ద దూరాలు తిరిగిందైతే, దాన్ని సూపర్‌ఛార్జరు ఉందన్న ఒక్క కారణానికి వదులుకోవడం తెలివితక్కువ. అందరూ భయపడటం వల్ల రేటు కూడా తగ్గించి అడగొచ్చు. అదే సూపర్‌ఛార్జరు లేని బండే అయినా, నూనె రెండేళ్ళు మార్చనిదైతే పక్కన పెట్టాలి. మావాళ్ళు చెప్పిన సూత్రం పట్టుకుంటే ఈ రెండో బండి కొంటాడు, మొదటిది వదిలేస్తాడు.

వాడికి ఇంకో పని కూడా అప్పజెప్పాను. డిప్‌స్టిక్కు బయటికి లాగి నూనె వాసన చూడమన్నాను, పెట్రోలు కంపు కొడితే అక్కణ్ణుంచే దండం పెట్టి వచ్చెయ్యమన్నాను. బెల్టు అంచులు చిట్లాయేమో టార్చి వేసి చూడమన్నాను. నడిపేటప్పుడు ఎత్తు రోడ్డు మీద మూడో గేర్లో గట్టిగా తొక్కి, మధ్యలో ఊపు అందుకుంటుందా లేక అలాగే నీరసంగా పోతుందా గమనించమన్నాను. అందుకోకపోతే క్లచ్చినో బెల్టునో అనుమానించాలి, అప్పుడు రేటులోంచి ఆ రిపేరు ఖర్చు తీసి మాట్లాడాలి.

శనివారం పొద్దున తొమ్మిదింటికి చూడ్డానికి వెళ్తున్నాడట. మేం వచ్చేదాకా ఇంజను స్టార్టు చెయ్యకండి, చల్లగానే ఉంచండి అని ఓనరుకి ముందే ఫోన్ చేసి చెప్పమన్నాను. వెళ్ళగానే బోనెట్టు మీద చెయ్యి వేసి చూడమన్నాను. వెచ్చగా ఉంటే ఆ బండి వద్దు.